సహాధ్యాయుల యోగక్షేమములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల పండుగ జరుపుకొనుచున్న గ్రంథాలయమున పుస్తకములను గూర్చి ప్రసంగించుట వాడుక. ఈ సాయంకాలము పుస్తకములను గూర్చి కాక, వానిని కలిసి చదివినవారిని గూర్చి ముచ్చటించుకొనుట యుచితము. ఒకే బల్లపై కూర్చుండి, ఒకే గురువు నొద్ద చదివి, పిదప నలుదిక్కులకు చెదరిపోయినవారు నలుబది, ఏబది యేండ్ల వయస్సున ఒకరి నొకరు ఏమని విచారింపవలెను? ఆ విచారణ వలన వారికిగాని, ఊరికిగాని కలుగు మేలెట్టిది? ఇదియే నేటి విషయము.

పూర్వము పెద్దలు ఉత్తరము వ్రాయునపుడు "ఉభయకుశలోపరి" యని మొదలిడి, "మీ యోగక్షేమములు తెలియజేయగలరు" అని వ్రాయుట రివాజు. ఈ దేశమున 1879లో కార్డు పుట్టినప్పుడు దాని వెల కాలణా. ఆ కాలణా కార్డుపై కూడ ఈ మాట కెప్పుడును చోటు తక్కువ కాలేదు. కాని ఆ మాటలో రెండు మాటలున్నవని తలచువారు అరుదు. లేనిది సంపాదించుకొనుట యోగము. ఉన్నది నిలుపుకొనుట క్షేమము. ఇది పెద్దలు చెప్పిన అర్థము. కావున యోగక్షేమములు విచారించుట యనగా, "నీకు కొఱతయైనది యేమి? నీకున్నదానిని కాపాడుకొనుటకు నీకు తోడెవరు?" అని రెండు ప్రశ్నలు వేయుట. ఊరక "బాగున్నావా?" అని యడిగి, "బాగున్నాను" అనిపించుకొని లేచిపోవుట యోగక్షేమ విచారణ కాదు, అది పలుకరింపు మాత్రమే.

ఈ ప్రాంతమునకు ఈ ప్రశ్న ఎక్కువగా వర్తించును. కొనకనమిట్ల చుట్టుపట్ల ఉన్నది మెట్ట భూమి. వాన కురిసిన కంది, సజ్జ, జొన్న, కురియకున్న వలస. 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడిన ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడువరకు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లావి. పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లావి. ఇటువారు ఒక జిల్లా కేంద్రమునకు, అటువారు మరియొక జిల్లా కేంద్రమునకు తిరుగవలసి యుండెను. పై చదువునకు పోదలచినవాడు బియ్యపు మూట, పరుపుచుట్ట నెత్తికెత్తుకొని మార్కాపురం రోడ్డు స్టేషనులో గుంటూరు, గుంతకల్లు మధ్య నడచు మీటరుగేజి బండి యెక్కవలసిన దినము లవి. అట్లు పోయినవారు కొందరే. వారిలో తిరిగివచ్చి ఊర నిలిచినవారు ఇంకను కొందరే. పిమ్మట కళాశాలలు దగ్గరకు వచ్చినవి, బస్సులు పెరిగినవి, చదివినవారు పెరిగిరి. చెదరిపోవుటయు పెరిగినది. ఒకడు హైదరాబాదున, ఒకడు బెంగుళూరున, ఒకడు అమెరికాలో. ఒకడు తండ్రి విడిచిన నాలుగెకరముల కంది చేనిలో.

నడివయస్సు వచ్చుసరికి ఈ నలుగురికిని నాలుగు విధముల చిక్కులు. తల్లిదండ్రులు పెద్దవారై యుందురు, లేదా గతించియుందురు. బిడ్డల చదువులు, పెండ్లిండ్లు నెత్తిమీద నుండును. చక్కెర వ్యాధియో, రక్తపు పోటో తొలిసారి వైద్యుని వద్ద బయటపడును. ఇరువది యేండ్ల వయస్సున స్నేహమునకు కావలసినది కాలక్షేపము. ఏబది యేండ్ల వయస్సున కావలసినది ఆసరా. ఈ భేదమును గుర్తింపక, ఏబదిలో కూడ ఇరువది నాటి పరిహాసములనే పంచుకొనుచు పోయినచో, స్నేహము పాతదగునే గాని పెద్దది కాదు.

మన పురాణేతిహాసములలో సహాధ్యాయులు నడివయస్సున మరల కలిసికొనిన కథలు రెండు ప్రసిద్ధములు. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. భరద్వాజుని ఆశ్రమమున ద్రోణుడు, ద్రుపదుడు చిన్ననాడు కలిసి ఆడిరి, కలిసి చదివిరి. ద్రుపదుడు పాంచాల రాజయ్యెను. ద్రోణుడు దరిద్రుడై, పాలకై యేడ్చు బిడ్డను జూడలేక, చెలికాని నాశ్రయించెను. రాజునకు పేదవానితో చెలిమి యేమని ద్రుపదుడు పరిహసించెను. ఆ ఒక్క మాట నుండి పుట్టిన పగ కురుక్షేత్రము వరకు సాగి, ఇరువురిని, ద్రుపదుని కొడుకులను మ్రింగివేసినది. రెండవది కుచేలుని కథ. అతడు తనంతట ద్వారకకు పోలేదు. ఇల్లాలు పదేపదే ప్రోద్బలింపగా, చినిగిన బట్ట కొంగున అటుకులు ముడిచికొని వెళ్లెను. వెళ్లియు ఏమియు నడుగలేదు. అడుగవలసిన యవసరమును శ్రీకృష్ణుడు కలుగనీయలేదు. అతని నెదుర్కొని, పాదములు కడిగి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సాందీపని గురుకులమున వంటచెఱకునకై అడవికి పోయి, గాలివానలో చిక్కి, దారి తప్పి రాత్రియంతయు తడిసిన నాటి ముచ్చట యెత్తెను. తెల్లవారుసరికి గురువు తానే తన శిష్యులను వెదకికొనుచు అడవికి వచ్చెనట!

ఈ కథలో అటుకుల మహిమనే పలువురు చెప్పుదురు. గమనింపవలసినవి మరి రెండున్నవి. కొఱతలో నున్నవాడు తానై రాడు. అతనిని రప్పించువారు కావలెను. తప్పిపోయినవాడు దారి వెదకికొని వచ్చువరకు వేచియుండుట గురుధర్మము కాదు; వెదకుచు పోవుటయే ధర్మము. ఈ రెండు మాటలను చివర మరల తలచుకొందము.

పురాణము మాట యట్లుండగా, ఈ తెలుగుదేశముననే, చాల దూరము కాని కాలముననే, ముగ్గురు సహాధ్యాయులు యోగక్షేమము లనగా నేమో చేసి చూపిరి. వారు బందరు నోబుల్ కళాశాల విద్యార్థులు: భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు. 1843లో రాబర్టు నోబుల్ దొర స్థాపించిన పాఠశాల పెరిగి ఆ కళాశాల యైనది. అచట బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు వారికి గురువు. ముగ్గురును 1880 ప్రాంతమున జన్మించినవారు. పట్టాభి గుండుగొలను గ్రామమున సామాన్యమైన ఇంట పుట్టినవాడు.

చదువు ముగిసిన పిమ్మట వారు మూడు దారులు పట్టిరి. పట్టాభి మద్రాసున వైద్యవిద్య నభ్యసించి బందరులో వైద్యుడయ్యెను. హనుమంతరావు న్యాయశాస్త్రము చదివెను. కృష్ణారావు పత్రికా రచనలో ప్రవేశించెను. సాధారణముగా ఇచ్చటనే కథ ముగియును. వైద్యుడు రోగులతోను, న్యాయవాది కక్షిదారులతోను, పత్రికా రచయిత కాగితములతోను మునిగిపోయి, పండుగలకు పబ్బములకు కలిసికొని, పాత ముచ్చటలు చెప్పుకొని విడిపోవుదురు. వీరట్లు చేయలేదు. ఒకే ఊర నిలిచి, ఒకరి పనిని మరొకరు తమదిగా నెంచిరి.

1902లో కొండ వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గారల పూనికతో బందరున పుట్టిన కృష్ణాపత్రికకు 1907లో కృష్ణారావు సంపాదకుడయ్యెను. ఆ యేడే వంగదేశమునుండి బిపిన్ చంద్రపాలుడు ఆంధ్రదేశమునకు వచ్చి స్వదేశీ ప్రబోధము చేసెను. కృష్ణారావు ఆయన వెంట తిరిగెను. పరుల కొలువునకు గుమాస్తాలను తయారుచేయు చదువు గాక, చేతిపనిని, దేశభక్తిని కలిపి నేర్పు చదువు కావలెనన్న తలంపు బందరులో బలపడినది. ఆ తలంపునకు రూపము 1910లో తెఱవబడిన ఆంధ్ర జాతీయ కళాశాల. దానికి ప్రాణము హనుమంతరావు. న్యాయవాదవృత్తిలో రాగల ధనమును విడిచి, ఆయన ఆ కళాశాలకే తన జీవితమును ధారపోసెను. చందాల కొఱకు ఊరూర తిరుగుట, ఉపాధ్యాయులను సమకూర్చుట, చేతిపనులను, చిత్రకళను బోధనలో చేర్చుట ఆ కళాశాల నడక. జాతీయ పతాక నమూనాను 1921లో బెజవాడలో గాంధీమహాత్మునకు సమర్పించిన పింగళి వెంకయ్య అంతకు మునుపు అచట ఉపాధ్యాయుడుగా నుండినవాడే.

మిత్రుడు చందాలకై తిరుగుచుండగా, మిగిలిన ఇరువురు ఏమి చేసిరి? పత్రిక గలవాడు పత్రికను తోడిచ్చెను. ధనార్జన గలవాడు ధనము విషయమున తోడుపడెను. తనకు లేనిది మిత్రుని వద్ద నుండుట, మిత్రునకు లేనిది తన వద్ద నుండుట వారు ఎఱిగియుండిరి. యోగము అనుమాటకు ఇదియే అర్థము.

క్షేమము అనుమాటకు పరీక్ష 1922లో వచ్చినది. నలుబది దాటిన కొలది కాలమునకే హనుమంతరావు మరణించెను. నడివయస్సున సహాధ్యాయుల నడుమ వచ్చు వార్తలలో మిక్కిలి కఠినమైన దిదియే. ఆ వార్త వచ్చినపుడు ఒక దినము దుఃఖించి, చిత్రపటమునకు పూలమాల వేసి ఊరకుండుట లోకరీతి. హనుమంతరావు చిత్రపటము కంటె పెద్దదానిని విడిచిపోయెను. జాతీయ కళాశాలను విడిచిపోయెను. అది ఆయనతో ముగియలేదు. 1934లో అడివి బాపిరాజుగారు దానికి ప్రధానాచార్యులై కొన్ని యేండ్లు నడిపిరి. స్థాపకుడు పోయిన పండ్రెండేండ్లకు కూడ ఆ కళాశాల అంతటివాని నొకని పిలువగలిగి నిలిచినదనుటయే మిత్రులు, పురజనులు దానికి పట్టిన కాపుదలకు సాక్ష్యము. చనిపోయిన స్నేహితునకు చేయగల మేలు ఒక్కటే: అతడు సగములో విడిచిన పనిని చెడిపోనీయకుండుట.

మరుసటి యేడు, 1923 నవంబరులో, అదే బందరున పట్టాభి ఆంధ్రా బ్యాంకును స్థాపించెను. చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. అప్పటికి ఆయన వయస్సు నలుబదిమూడేండ్లు. వైద్యవృత్తిని విడిచి యేడేండ్లయినది. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమగు వరకు, తొంబదియారేండ్లకు పైగా ఆ పేరు తెలుగువారి పాసుపుస్తకములపై నుండినది. ఈ సభలోనే ఆ పుస్తకమును పెట్టెలో దాచుకొన్నవారు ఉండవచ్చును. నడివయస్సు అనగా క్రొత్తపనికి ప్రొద్దుగ్రుంకిన వయస్సని తలచువారికి ఇది సమాధానము.

మిత్రులలో కొందరికి పెద్ద పదవులు వచ్చుటయు, కొందరికి రాకుండుటయు సహజము. పట్టాభి 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి 203 వోట్లతో సుభాష్ చంద్రబోసు చేత ఓడెను. 1948లో జయపురపు కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యెను. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండెను. కృష్ణారావు పదవుల కెగబ్రాకలేదు. 1945లో కన్నుమూయువరకు ముప్పదియెనిమిదేండ్లు ఒకే పత్రికను నడిపెను. సాయంకాలమున పత్రికా కార్యాలయమున కవులు, గాయకులు, చిత్రకారులు చేరి జరుపు గోష్ఠికి "కృష్ణాపత్రిక దర్బారు" అని పేరు. ఆ దర్బారున బిరుదులతో పనిలేదు. మాటలో సరుకు ఉండవలెను. ఒకని పేరు దేశమంతయు ప్రాకెను. ఒకడు తన గదిలోనే కూర్చుండి దేశమును తన వద్దకు పిలిచెను. మరియొకడు నలుబదిలోనే వెళ్లిపోయెను. అయినను బందరు చరిత్ర చెప్పువారు ఈ మూడు పేర్లను కలిపియే చెప్పుదురు. ఇది గవర్నరు పదవి కంటె తక్కువ గౌరవము కాదు.

సోదరులారా! ఇది విని, "వారు మహనీయులు, మనము సామాన్యులము" అని తప్పించుకొనుట సులభము. కాని వారు చేసిన పనులలో సామాన్యులు చేయలేనిది ఏది? ఒకరి కొఱత మరొకరు తెలిసికొనిరి. ఒకరు పోయిన పిదప ఆయన పనిని నిలిపిరి. బ్యాంకు పెట్టుట అందరికి సాధ్యము కాదు. ఈ రెండును అందరికి సాధ్యములే.

ఇప్పటి ఆచారమును చూడుడు. సంక్రాంతి సెలవులలో ఊరూర పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనములు జరుగుచున్నవి. ఇది మంచి ఆచారము. వృద్ధులైన గురువులకు శాలువలు కప్పుదురు, పాఠశాలకు కుర్చీలో, పంకాలో సమర్పింతురు, ఛాయాచిత్రము తీయించుకొందురు, విందు చేయుదురు. చేతిలోని సెల్‌ఫోనులో అందరు నొక జట్టుగా చేరి, ప్రతి దినమును శుభోదయములు పంపుకొందురు. కాలణా కార్డు వారము దినములకు చేర్చిన వార్తను ఫోను లిప్తపాటులో చేర్చుచున్నది. మరి వార్త చేరినంత వేగముగా ఆసరా చేరుచున్నదా?

ఆ ఛాయాచిత్రమును ఒకసారి నిదానముగా పరికింపుడు. అందున్నవారిని లెక్కించుట కంటె, లేనివారిని లెక్కించుట ముఖ్యము. మొదట లేనివారు ఆడువారు. పెండ్లితో ఇంటిపేరు మారును, ఊరు మారును. తరగతిలో మొదటి మార్కులు తెచ్చుకొన్న ఆడపడుచు చిరునామా తోడి విద్యార్థులలో ఒక్కరికిని తెలియదు. రెండవవాడు మెట్ట రైతు. మూడేండ్లు వరుసగా పైరెండి, అప్పు పెరిగి, కారులలో దిగు స్నేహితుల నడుమ చెప్పులు సవరించుకొనుచు నిలుచుటకు మనసొప్పక, "ఆ దినము పని యున్నది" అని చెప్పి మానుకొనినవాడు. మూడవవాడు జబ్బు మనిషి. నాలుగవవాడు ఎప్పుడో చనిపోయినవాడు. ఆ సంగతి సమ్మేళనము నాడే పలువురికి తెలియును. అతని బిడ్డలు ఏమైరని అడుగువాడు ఒక్కడైన లేచినచో ఆ సభ ధన్యము.

వచ్చినవారు రానివారికంటె తక్కువ మంచివారని దీని భావము కాదు. చాలమందికి చేయి చాచు మనస్సున్నది; ఎవరికి చాచవలెనో తెలియదు. అడుగుటకు వీనికి బిడియము. అడుగకుండ ఇచ్చుటకు వానికి సంకోచము. ఈ రెండు మొగమాటముల నడుమ ఒక కుటుంబము నలిగిపోవుచున్నది. కుచేలుని ఇల్లాలు చేసిన పనిని చేయుటకు ఊర నొకరు కావలెను.

ఆ పని గ్రంథాలయము చేయదగినది. గ్రంథాలయము ఎవరి ఇల్లును కాదు గనుక అందరికి ఇల్లు. 1914 ఏప్రిలులో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి కూడిన నాటినుండి, గ్రంథాలయము పుస్తకముల కొట్టు మాత్రమే గాక, చదువురానివానికి చదివి వినిపించు చోటు, ఉత్తరము వ్రాయలేనివానికి వ్రాసి పెట్టు చోటు కావలెనని ఆ ఉద్యమ పెద్దలు తలచిరి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను బైండు కట్టి పదిలపఱచుట వలన, ఎన్నడో చనిపోయినవారి మాటలు నేటికిని చదువరులకు దొరకుచున్నవి. కాగితములను అంత జాగ్రత్తగా కాపాడగల చోటు మనుష్యుల జాడను కాపాడలేదా?

దీనికి కావలసినది ఒక గట్టి అట్ట గల పుస్తకము. అందులో ఈ ఊరినుండి పై చదువునకు పోయిన ప్రతివాని పేరు, ప్రతి ఆడపడుచు పుట్టింటి పేరును, అత్తింటి పేరును, చదివిన యేడు, ఇప్పటి ఊరు వ్రాయవలెను. ఏడాదికొకసారి, సంక్రాంతికి ముందు, ఆ పేర్లను వరుసగా చదువవలెను. ఏ పేరు వద్ద "తెలియదు" అని వచ్చునో ఆ పేరును ముందుగా వెదకవలెను. వెదకుట అనగా ఫోనులో ఒక బొమ్మ పంపుట కాదు. పొదిలి బస్సో, మార్కాపురం బస్సో యెక్కి, ఆ ఇంటి అరుగుమీద ఒక పూట కూర్చుండుట.

ఇచ్చువారును ఒక మర్యాద పాటింపవలెను. స్నేహితుని బిడ్డకు కళాశాల రుసుము కట్టినవాడు ఆ సంగతిని సభలో చెప్పరాదు, ఛాయాచిత్రము తీయింపరాదు. కుచేలునకు ఇచ్చిన సంపద అతడు ఇల్లు చేరిన పిదపనే అతనికి తెలిసినది. ద్వారకలో ఎవరును చాటింపు వేయలేదు. పుచ్చుకొనువారికి కూడ ఒక మాట. సహాధ్యాయుని వద్ద కొఱతను చెప్పుకొనుట భిక్ష కాదు. ఒకే బల్లపై కూర్చున్ననాడు బలపము విరిగినచో ప్రక్కవానిని సగమడుగుటకు ఎవడును సిగ్గుపడలేదు. ఈనాడు సిగ్గు ఎందులకు?

మార్కాపురపు పలకలు ఒకప్పుడు ఎన్నో దేశముల పిల్లల చేతులలో నుండినవి. ఇచ్చటి నేలలో రాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, చట్రము బిగించి పంపిన పలకలవి. పలకకు ఒక గుణమున్నది: వ్రాసినది తుడిచినచో మిగులదు. కలిసి చదివిననాటి మాటలు పలకమీది వ్రాతవలె తుడిచివేయబడక నిలువవలెనన్నచో వానిని పనులలోనికి ఎత్తి వ్రాయవలెను. బందరు మిత్రులు ముగ్గురు చేసినది అదియే.

ఈ గ్రంథాలయము ఇంకొక ఇరువదియైదేండ్లు దాటి స్వర్ణోత్సవము జరుపుకొనునాడు, నేడు ఈ సభలో వెనుక వరుసను కూర్చున్న బాలబాలికలు నడివయస్సువారై యుందురు. ఆనాడు వారు పేర్లు చదువునపుడు ఏ పేరు వద్దను "తెలియదు" అను మాట వినబడకుండుగాక. తప్పిపోయిన ప్రతి సహాధ్యాయుని వెదకుచు ఒకరైన అడవికి పోవుదురుగాక.

గ్రంథాలయమునకు, చదువరులకు, చదివి చెదరిపోయిన వారికి యోగక్షేమములు కలుగుగాక. స్వస్తి.